కీర్తి పెట్టిన మందు

"చచ్చిపోయే మనిషి అబద్ధం చెప్పడు సార్," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మణివణ్ణన్ తమిళంలో.

"చెప్పడు," అన్నాడు తిమ్మరాయన్. "వినేవాడు తప్పు వినొచ్చు."

తుంబలహళ్లిలో, చనిపోయిన సుబ్బన్న ఇంటి అరుగు మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. జీపు వాకిట్లో ఉంది. మణివణ్ణన్ ఈ ఇంటి కోడలు కీర్తికను అరెస్టు చేయడానికి వచ్చాడు. హోసూరులో పని చేసే ఆమె భర్త గోకుల్ అక్కడి నుంచి బయలుదేరాడు. అతను వచ్చాక, అతని ఎదురుగానే తీసుకుపోతానని ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాడు. తిమ్మరాయన్‌కు ఉన్న గడువు అదే.

తిమ్మరాయన్ ధర్మపురి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. పొద్దున ఏమీ తినలేదు. కడుపు మండుతోంది. జేబులోంచి గ్యాస్ మాత్ర తీసి నమిలాడు. సర్వీసులో ఉన్నంత కాలం డ్రగ్ ఇన్‌స్పెక్టరుగా జిల్లాలోని మందుల షాపులన్నీ తిరిగాడు. ఆ తిరుగుడులో వేళకు తినక తెచ్చుకున్న జబ్బు ఇది. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుందామనుకున్నాడు, జనం కూర్చోనివ్వలేదు. మాత్ర వికటించినా, సూది వికటించినా, పోలీసుల మాట మీద నమ్మకం కుదరనివాళ్ళు వచ్చి అతని తలుపే తడుతున్నారు. నిన్న తట్టినవాడు కడత్తూరు రామన్, కీర్తిక తండ్రి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "నా బిడ్డ మందు పెట్టిందని రాసుకున్నారు సామీ. అది నర్సు. మందు ఇచ్చేది దాని పని, పెట్టేది కాదు," అని నిలబడే చెప్పి, నిలబడే ఏడ్చాడు.

ఇవ్వడానికీ పెట్టడానికీ ఈ పల్లెల్లో చాలా దూరం ఉంది. మనిషి ఊరికే చిక్కిపోయినా, తిన్నది ఇమడకపోయినా, ఎవరో అన్నంలో మందు పెట్టారంటారు. లొంగదీసుకోవడానికి ఇంట్లోవాళ్ళే కలుపుతారని, అది కడుపుకు అంటుకుని కూర్చుంటుందని నమ్మకం. దాన్ని బయటికి తీస్తామనేవాళ్ళూ ఉన్నారు.

సుబ్బన్నకు కడుపులో పుండు పాతదే. మాత్రలతో ఏళ్ళ తరబడి అణిగి ఉంది. రెండు నెలల కింద మళ్ళీ లేచింది. నొప్పి, ఆకలి చచ్చిపోవడం, విరేచనం నల్లగా పోవడం. ఒక ఆదివారం గోకుల్ తండ్రిని కారులో పాపిరెడ్డిపట్టి అవతల మాదేశ్వరి అనే ఆమె దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె పసరు తాగించి కక్కించింది. అరిటాకు మీద కాఫీ పిప్పి లాంటి నల్లటి ముద్ద పడింది. మందు ఇదేనని చూపించి, ఇంట్లో వడ్డించేది ఎవరని అడిగింది. నా పెళ్ళాం అన్నాడు గోకుల్.

ఆ తర్వాత వారం తిరక్కుండా సుబ్బన్న రక్తం కక్కుకుని ఆసుపత్రిలో చనిపోయాడు. పోయే ముందు, మంచం పక్కనున్న భార్యతో, విషమన్న అనుమానంతో వచ్చిన కానిస్టేబుల్ వింటుండగా, తెలుగులో ఏదో అన్నాడు. కానిస్టేబుల్‌ది తమిళం. అర్థమైనంత రాసుకున్నాడు: కీర్తి మందు పెట్టింది, నేను తిన్నాను. తమిళంలో మరుందు అన్నా తెలుగులో మందు అన్నా, జబ్బు తగ్గించేదానికీ అదే పేరు, ప్రాణం తీసేదానికీ అదే పేరు. స్టేషన్‌లో రెండో అర్థం తీసుకున్నారు.

"ల్యాబులో పురుగుమందు ఆనవాలు లేదు," అని తిమ్మరాయన్ గుర్తుచేశాడు. "పోస్ట్‌మార్టంలో కడుపు గోడకు రంధ్రం కనిపించింది. రక్తం పోయింది. అంతే కదా?"

"ఆ అమ్మాయి నర్సు సార్. ల్యాబుకు దొరకనిది ఏదో తెలిసి ఉంటుంది."

"ఏది?"

"అది మీరు చెప్పాలి. మాత్రల డిపార్ట్‌మెంట్ మీది. మాది దొంగల డిపార్ట్‌మెంట్."

మణివణ్ణన్ తన మాటకు తానే నవ్వాడు. తిమ్మరాయన్‌కు నవ్వే ఓపిక లేదు. లేచి లోపలికి నడిచాడు. ఇన్‌స్పెక్టర్ వెనకే వచ్చాడు.

కీర్తిక వంటింటి గడప దగ్గర నిలబడి జవాబులు చెప్పింది. పెళ్ళికి ముందు కడత్తూరులో ఒక క్లినిక్కులో పని చేసింది. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి మామ మాత్రలు ఆమే చూసుకునేది. పుండుకు ఇచ్చే మాత్ర పరగడుపున వేసుకోవాలి. కాఫీ కంటే ముందు అది చేతిలో పెట్టేది. రెండు నెలల కింద ఇంట్లో గొడవ అయింది. డ్యాం కాలువ కింది పొలం కొంటామని బెంగళూరు వాళ్ళు వచ్చారు. గోకుల్ ఇచ్చేద్దామన్నాడు, సుబ్బన్న తను ఉండగా వల్లకాదన్నాడు. కీర్తిక మామ పక్షం మాట్లాడింది. మరునాటి నుంచి అత్త ఆమెను మాత్రల జోలికి రానివ్వలేదు.

"మీ ఆయన చెప్పి చేయించినాడా, అత్త తానుగానే చేసిందా?" అని తిమ్మరాయన్ తెలుగులో అడిగాడు.

"తెలీదు సార్. పొద్దున లేస్తే మాత్రల పెట్టె అత్త గదిలోకి పోయింది. అడిగితే మొగం తిప్పుకునె."

నల్లగా పోతోందని మామ చెప్పినప్పుడు అది రక్తమని ఆమె మొత్తుకుంది. ధర్మపురికి తీసుకుపోయి, గొట్టం వేసి కడుపు లోపల చూపించమంది. ఇంట్లో నర్సు వేషం వద్దన్నాడు గోకుల్.

మణివణ్ణన్‌కు తెలుగు అంతంత మాత్రం. అయినా రక్తం అన్న మాట పట్టుకున్నాడు. "డాక్టరు చెప్పక ముందే అది రక్తమని ఈమెకెలా తెలిసింది? అడగండి సార్."

కీర్తిక అతనికి తమిళంలోనే జవాబిచ్చింది. "నర్సింగులో మొదటి సంవత్సరం చెప్తారు సార్. తారులాగా నల్లగా పోతే పై కడుపులో రక్తం కారుతున్నట్టు. మీ స్టేషన్‌లో ఎవరికైనా వస్తే నన్ను పిలవండి. నేను అక్కడే ఉంటాను కదా."

ఇన్‌స్పెక్టర్ ఈసారి నవ్వలేదు.

సుబ్బన్న భార్య మునివెంకటమ్మ లోపలి గదిలో చాప మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన స్టీలు అంజరపెట్టె. ఆవాలు, జీలకర్ర, మెంతులు వేసుకునే గుండ్రటి పెట్టె అది, లోపల చిన్న చిన్న గిన్నెలు. ఆమె దాంట్లో మాత్రలు దాచుకుంటుంది. అట్టల మీది అక్షరాలు ఏ భాషవైనా ఆమె చదవలేదు. అందుకని మాత్రలన్నీ ఒలిచి, పోపు సామాను పోసినట్టే ఎవరివి వాళ్ళ గిన్నెలో పోసి, చోటునుబట్టి గుర్తు పెట్టుకుంటుంది. కుడిపక్క గిన్నె మొగుడిది. ఎడమపక్కది తనది, మోకాళ్ళ నొప్పికి.

తిమ్మరాయన్ చాప అంచున చతికిలబడ్డాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్న చెయ్యి వణికింది. మొగుడు పోయినప్పటి నుంచి కోడలి చేతి కూడు ముట్టడం లేదని, పక్కింటివాళ్ళు పొద్దున తెచ్చిన సంగటి రెండు ముద్దలు తిని వదిలేసిందని కీర్తిక అంతకుముందే చెప్పింది. దుఃఖమూ నీరసమూ అనుకున్నాడు.

"అన్న పోయే ముందు ఏమన్నాడు అక్కా? ఆయన అన్నది అన్నట్టే చెప్పు."

"ఎన్ని తూర్లు చెప్పేది సామీ. కీర్తి పెట్టిన మందు తిని చస్తా ఉండాననె."

"చస్తా ఉండానని నోటితో అన్నాడా?"

ఆమె ఆలోచించింది. "అంత ఊపిరి యాడుండాది. కీర్తి పెట్టిన మందు తినింటే... అనె. ఆమీట రక్తం కక్కె."

"తినింటే అనా? తినినాను అనా?"

"తినింటే," అంది. మళ్ళీ ఒకసారి తనలో తాను అనుకుంది. మూడోసారి మాట సగంలో ఆగిపోయింది. ఆమె తలుపు వైపు చూసింది. తలుపు దగ్గర కోడలు నిలబడి ఉంది.

"ఏంటి సార్ తేడా?" అన్నాడు మణివణ్ణన్. "తిన్నానన్నాడు కదా."

"తిన్నాననలేదు. తిని ఉంటే అన్నాడు." తిమ్మరాయన్ తమిళంలోకి మారాడు. "కీర్తి పెట్టే మాత్ర తిని ఉంటే బతికేవాడినని చెప్పబోయాడు. చెప్పేలోపల పోయాడు. మీరు ఆ మాట మీదే కోడలిని పట్టుకుపోతున్నారు."

"అది సగం మాట సార్. మిగతా సగం మీరు అతికిస్తున్నారు. తెలుగు మాటకు ఉన్న తోక చూపించి ఎవరినైనా విడిపించగలరా?"

తిమ్మరాయన్‌కు అందులో తప్పు కనిపించలేదు. తోక చాలదు. పెట్టె మూత తీయవచ్చా అని ఆమెను అడిగాడు.

చూడమంది కానీ, మొగుడి గిన్నె కదపొద్దంది. పదహారో నాటి కర్మకాండ, కరుమాది, అయ్యేదాకా పోయినవాళ్ళ సామాను కదల్చరాదు. "గోకులు గూడా ఆ మాత్రలు పారేయమ్మా అనె. నేను ఒప్పలేదు," అంది. కొడుకు పేరు ఎత్తగానే గొంతు కాస్త తేరుకుంది. నాయిన ఉన్నన్నాళ్ళూ పొద్దునా సాయంత్రం ఫోను చేసి మాత్ర వేసుకున్నాడో లేదో అడిగేవాడట. ఇప్పుడు తనను అడుగుతున్నాడట. ఊళ్ళో అందరూ కొడుకంటే అట్లుండాలంటారట. మాత్రలు ఎవరు తెచ్చిపోస్తారని తిమ్మరాయన్ అడిగితే, నేనే పోసుకుంటానంది. అడిగినవాడి మొహం చూడకుండా అంది. అతను ఆ సంగతి మనసులో పెట్టుకుని, ఫోను లైటు వేసి గిన్నెల మీదికి వంగాడు.

కుడిపక్క గిన్నెలో నారింజ రంగు మాత్రలు, గుండ్రంగా, శనగబేడ కంటే కొంచెం పెద్దవి.

"కీర్తికా, నువ్వు మామకు ఇచ్చింది ఎట్లుండేది?"

"పసుపుపచ్చది సార్. కోలగా ఉండేది."

"ఇది చూడు."

ఆమె వంగి చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తిమ్మరాయన్ ఇన్‌స్పెక్టర్‌తో చెప్పాడు. "ల్యాబు చెప్పేదాకా ప్రమాణం చేయను. నాకు తెలిసినంతలో ఇది నొప్పి మాత్ర. మోకాళ్ళకు, నడుముకు ఇస్తారు. పుండు ఉన్నవాడికి ఇది రోజూ ఇస్తే పుండు తెరుచుకుంటుంది. పుండు మాత్ర కూడా ఆపేస్తే ఇంకా తొందరగా తెరుచుకుంటుంది. మాదేశ్వరి అరిటాకు మీద చూపించిన నల్లముద్ద అతని రక్తమే. కడుపులో నిలిచి అట్లా అవుతుంది." తర్వాత మునివెంకటమ్మ వైపు తిరిగాడు. "నీ మోకాళ్ళు ఎట్లుండాయి అక్కా?"

"యాడ సామీ. రెండు నెలలుగా లేచేదానికి కాలేదు. మాత్ర విడవకుండా తింటానే ఉండా. ఒకటి మాత్రం, ఆకలి బాగా అవుతా ఉండె. పులితేపులు నిలిచిపోయె."

కీర్తిక గోడ పట్టుకుంది. మొగుడి కడుపు మాత్ర మునివెంకటమ్మ తిన్నది. ఆమె మోకాలి మాత్ర మొగుడు తిన్నాడు. రోజూ తన చేత్తోనే తీసి, నీళ్ళతో సహా ఇచ్చింది.

మణివణ్ణన్ తిమ్మరాయన్ చెవి దగ్గరికి వంగాడు. "గిన్నెలు తారుమారు చేసుకుందా?" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "అయితే ఇది హత్య కాదు. కోడలిని వదిలేస్తాను. ఈ మాట ఈమెకు మీరే చెప్పండి సార్. నా వల్ల కాదు," అన్నాడు. అందులో వెటకారం లేదు.

తిమ్మరాయన్ సర్వీసులో నకిలీ మందుల వాళ్ళను జైలుకు పంపించాడు, లైసెన్సులు రద్దు చేయించాడు. ఇటువంటి మాట ఎవరికీ చెప్పాల్సి రాలేదు. కోడలిని విడిపించాలంటే అత్త గుండె మీద బండ పెట్టాలి. చెప్పే ముందు రుజువు చేసుకోవాలి గనక ఎడమపక్క గిన్నె పైకి తీశాడు. అందులో పసుపుపచ్చ మాత్రలు ఉండాలి.

లేవు. ఉన్నవి తెల్లవి, చిన్నవి, నడుమ గీత ఉన్నవి.

"ఇవి ఎప్పటివి అక్కా?"

"పోయిన ఆదివారం వచ్చినాయి. పాతవి అయిపోయినాయని. ఇవి గట్టివి, నొప్పి నిలిచిపోతాదని..." ఆమె ఆగిపోయింది.

"ఎవరన్నారు?"

ఆమె మళ్ళీ కొంగుతో మొహం తుడుచుకుంది. తిమ్మరాయన్ ఇప్పుడు ఆ మొహం సరిగ్గా చూశాడు. ఏడ్చిన తడి కాదది. నుదుటి మీదా మెడ మీదా చెమట. ఒక మాత్ర తీసి, ఏమీ చెప్పకుండా కీర్తిక అరచేతిలో పెట్టాడు.

ఆమె దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. "షుగరు మాత్ర సార్. అత్తకు షుగరు లేదే." ఆ మాట అంటూనే మాత్ర వదిలేసి, చాప మీద మోకరించి, అత్త చెయ్యి పట్టుకుంది. "చల్లగా ఉండాది. అత్తా, ఈ పొద్దు ఎన్ని వేసుకుంటివి?"

"రెండు." మాట ముద్దగా వచ్చింది. "ఇందాక, మధ్యాహ్నం."

"ఏమన్నా తింటివా?"

మునివెంకటమ్మ చెయ్యి లాక్కోవాలని చూసింది. బలం చాలలేదు. కీర్తిక వంటింట్లోకి పరుగెత్తింది. పోతూ పోతూ ఇన్‌స్పెక్టర్‌తో, "సార్, నూటెనిమిదికి ఫోను చేయండి," అంది. మణివణ్ణన్ చేశాడు. చేస్తూనే తిమ్మరాయన్ వైపు చూశాడు.

"గిన్నెలు తారుమారైతే రెండు రకాలే ఉండాలి," అన్నాడు తిమ్మరాయన్. "మూడోది దానంతటది రాదు. మొగుడు ఏ మాత్ర తిని పోయాడో ఈమెకు తెలుసు. ఆ మాత్ర ఎవరు తెచ్చారో కూడా ఈమెకే తెలుసు. ఆ తెచ్చినవాడికి ఈమె ఇక అక్కర్లేదు."

కీర్తిక బెల్లం నీళ్ళు లోటాలో కలిపి తెచ్చింది. అత్త పెదవుల దగ్గర పెట్టింది. మునివెంకటమ్మ మొహం తిప్పేసుకుని పళ్ళు బిగించింది.

"దాని చేతిది నాకొద్దు."

"అత్తా, బెల్లమే అత్తా."

"వద్దు." కళ్ళు మూతలు పడుతున్నాయి. లోటా అంచు పళ్ళకు తగిలి నీళ్ళు గడ్డం మీదుగా కారాయి. మణివణ్ణన్ లోటా అందుకోబోయాడు. కొత్త మనిషి చెయ్యి చూసి ఆమె ఇంకా బిగదీసుకుంది.

తిమ్మరాయన్ లోటా తీసుకుని, ఆమె చూస్తుండగా రెండు గుక్కలు తాగాడు. మళ్ళీ కీర్తిక చేతికే ఇచ్చాడు. వంగి, మునివెంకటమ్మ చెవి దగ్గర నిదానంగా చెప్పాడు.

"కీర్తి పెట్టిన మందు తినింటే, అని అన్న నీకు చెప్పి పోయినాడు అక్కా. కడపటి మాట. దాన్ని గూడా వినవా?"

ఆమె కళ్ళు తెరిచింది. చాలాసేపు కోడలిని చూసింది. తర్వాత నోరు తెరిచింది.

కీర్తిక కొంచెం కొంచెంగా పోసింది. లోటా ఖాళీ అయింది. ఇంకో లోటా కలిపి తెచ్చింది. అది సగమయ్యేసరికి చేతి వణుకు తగ్గింది, చూపు నిలిచింది. ఇంతటితో సరిపోదని, ఈ మాత్ర ఒంట్లో షుగరును మళ్ళీ కిందికి లాగుతుందని, రాత్రంతా ఆసుపత్రిలో ఉండాలని కీర్తిక చెప్పింది. మునివెంకటమ్మ కాదనలేదు. కోడలి మణికట్టు పట్టుకుని ఉంది, వదల్లేదు.

తిమ్మరాయన్‌కు మిగిలింది ఒక్క ప్రశ్న. "మాత్రలు ఎవరు తెచ్చేది అక్కా?" అని అడిగాడు.

ఆమె అంజరపెట్టె వైపు చూసింది. "కోడలికి చెప్పొద్దమ్మా, పేచీ పెడతాది, అనె," అంది. పేరు చెప్పలేదు.

చాప మీది ఫోను మోగింది. చదవడం రాని మనిషికి తెరమీద ఫోటో వచ్చేట్టు పెట్టారు. ఫోటోలో గోకుల్ నవ్వుతున్నాడు. మునివెంకటమ్మ దాన్ని చూస్తూ ఉండిపోయింది. మణివణ్ణన్ వంగి స్పీకరు నొక్కాడు.

"అమ్మా, పాలక్కోడు దాటినాను. పోలీసులు వచ్చినారా?" అన్నాడు గోకుల్. వెనక లారీ హారన్లు. "మాత్ర వేసుకుంటివా?"

మాత్ర అన్న మాట తమిళంలోనూ దాదాపు అదే, మాత్తిరై. ఇన్‌స్పెక్టర్‌కు ఎవరూ తర్జుమా చేసి చెప్పనక్కర్లేకపోయింది. అతను తిమ్మరాయన్‌ను చూసి, తల దించుకున్నాడు.

"అమ్మా? వినబడతా ఉందా? మాత్ర వేసుకుంటివా?"

మునివెంకటమ్మ కోడలి చెయ్యి వదలకుండానే రెండో చేత్తో ఫోను దగ్గరికి తీసుకుంది.

"వేసుకుంటి నాయినా," అంది. "నువ్వు రా. అందరూ నీ కోసమే కాచుకోని ఉండారు."